ఇసుక జమాఖర్చు

(కాకినాడలో విద్యార్థులు, పట్టణవాసుల ముందు ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం ఇది.)

అందరికీ నమస్కారం.

ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు రెండు సీసాలు ఇచ్చాను. చూసి వెనక్కి అందిస్తూ ఉండండి. ఒకదాంట్లో మన కాకినాడ దగ్గరి ఉప్పాడ ఒడ్డున తీసిన మామూలు ఇసుక ఉంది, లేత గోధుమ రంగులో. రెండోది కూడా అక్కడిదే. పది అడుగుల అవతల తీశాను. కానీ నల్లగా ఉంది. రెండూ ఒకే సైజు సీసాలు, రెండూ మూత దాకా నింపినవే. చేతిలో పట్టుకుని బరువు చూడండి. నల్లది బాగా బరువు, తెలుస్తోందా? ఎందుకో కాసేపట్లో చెబుతాను. ఉప్పాడ ఒడ్డున బంగారం ఎందుకు దొరుకుతుందో కూడా ఆ బరువులోనే ఉంది.

మా అమ్మమ్మగారి ఊరు ఉప్పాడ పక్కనే. సెలవులకు వెళితే ఆవిడ మమ్మల్ని ఒడ్డుకు తీసుకెళ్ళి సముద్రంలోకి వేలు చూపించేది. "అదిగో, ఆ మూడో కెరటం విరుగుతోంది చూడు, అక్కడ మా బావి ఉండేది" అనేది. బావి సముద్రంలో ఎలా ఉంటుందమ్మమ్మా అని మేం నవ్వేవాళ్ళం. ఆవిడ నవ్వేది కాదు. జియాలజీ చదివి, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాక ఇప్పుడు అనుకుంటాను, ఆవిడ మాకు చెప్పిన కథలన్నిటిలో కల్పన లేనిది అదొక్కటేనేమో అని.

సముద్రం ముందుకొచ్చింది అంటాం మనం. ఊరు ఊరంతా అలాగే అంటుంది. సముద్రానికి కోపం వచ్చిందని కూడా అంటారు. ఇవాళ మీకు ఇంకో ప్రశ్న అలవాటు చేయాలని వచ్చాను. ఒడ్డు కోసుకుపోయిందని ఎవరైనా చెబితే, ఇక్కడికి రావలసిన ఇసుక ఎక్కడ ఆగిపోయింది అని అడగండి. మన దుకాణాల్లో జమాఖర్చు రాస్తారు కదా, ప్రతి ఒడ్డుకూ అలాంటి లెక్క ఒకటి ఉంటుంది. నది తెచ్చేది జమ. పక్క ఒడ్డు నుంచి వచ్చేది జమ. అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయేది ఖర్చు. తుపాను లోపలికి లాక్కెళ్ళేది, గాలి ఎగరేసేది, లారీల్లో మనం ఎత్తేది, ఇవన్నీ ఖర్చు. జమ ఎక్కువైతే ఒడ్డు పెరుగుతుంది. ఖర్చు ఎక్కువైతే అమ్మమ్మ బావి పోతుంది.

ముందు ఈ ఇసుక ఎక్కడిదో చూద్దాం. ఆ లేత రంగు సీసాలో ఎక్కువ భాగం పలుగురాయి. క్వార్ట్‌జ్ అని పుస్తకాల్లో చదివారే, అదే. కొండల్లోని గ్రానైటు, ఖొండలైటు లాంటి రాళ్ళు ఎండకూ వానకూ చితికిపోయినప్పుడు అందులోని మిగతా ఖనిజాలు చాలావరకు బంకమట్టిగా మారిపోతాయి. పలుగు మారదు. గట్టిది, నీళ్ళలో కరగడానికి ఒప్పుకోదు. అందుకే ఇంత దూరం ప్రయాణం చేశాక మిగిలేది అదే. గోదావరి త్ర్యంబకం దగ్గర పుడుతుందని మనందరికీ తెలుసు. అయితే అక్కడంతా నల్లటి బసాల్టు రాయి. అందులో పలుగు దాదాపు ఉండదు. అది చితికితే నల్లరేగడి అవుతుంది. మన ఒడ్డు ఇసుకలో పెద్ద వాటా కింద వచ్చి కలిసే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి లాంటి ఉపనదులదీ, తూర్పు కనుమలదీ. మీ కాలికి అంటుకున్న రేణువు ఎక్కడో బస్తరు అడవిలో బయలుదేరి ఉండవచ్చు. అది ఇక్కడికి చేరడానికి ఎన్ని వరదలు పట్టి ఉంటుందో!

నది మొగ దగ్గర వదిలేశాక ఆ ఇసుకను పట్టుకునేది అల.

అల అంటే నీళ్ళు మన వైపు నడిచి రావడం అనుకుంటాం. లోతు నీటిలో అలా జరగదు. పొట్టకొచ్చిన వరిచేను మీద గాలి వీస్తే ఏం జరుగుతుందో మీరందరూ చూశారు. ఒక అల ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరుగెత్తుతుంది, వరికంకి మాత్రం వంగి లేచి అక్కడే ఉంటుంది. సముద్రమూ అంతే. నీటి బొట్టు గుండ్రంగా ఒక చుట్టు తిరిగి దాదాపు తన చోటికే వస్తుంది. ఒక అల శిఖరం నుంచి తరవాతి అల శిఖరం దాకా ఉండే దూరంలో సగం లోతు వరకే ఆ తిరుగుడు ఉంటుంది. దాని కింద నీరు నిశ్చలం. ఒడ్డుకు వస్తూ లోతు తగ్గితే అల కాళ్ళు నేలకు తగులుతాయి. కింద భాగం నెమ్మదిస్తుంది, వెనకది వచ్చి మీద పడుతుంది, అల నిటారుగా లేస్తుంది. లోతు ఆ అల ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్లకు తగ్గేసరికి విరిగిపోతుంది. అందుకే అల విరిగే చోటు చూసి లోతు చెప్పవచ్చు. మన బోటువాళ్ళు ఈ సూత్రం ఎక్కడా చదవలేదు, కానీ ఏ చోట బోటు దాటించాలో విరిగే నురగను చూసే చెబుతారు.

విరిగాక నీరు ఇసుక మీదికి పాకుతుంది. చిన్న అలలు, మధ్యలో విరామం ఉన్న అలలు అయితే, పైకి పాకిన నీటిలో కొంత ఇసుకలోకి ఇంకిపోతుంది. వెనక్కి వెళ్ళే నీరు తక్కువ, బలం తక్కువ. తెచ్చిన ఇసుకలో కొంత పైనే వదిలేసి పోతుంది. ఇలా రోజూ పిడికెడు పిడికెడు పేర్చుకుంటూ ఒడ్డు పెరుగుతుంది. తుపానులో ఇది తిరగబడుతుంది. అల మీద అల వచ్చి ఇసుక నీటితో నిండిపోయి ఉంటుంది, ఇంకడానికి చోటు ఉండదు. వెనక్కి దూకే నీరు ఇసుకను ఊడ్చుకుపోతుంది. ఆ ఇసుక ఎక్కువగా దగ్గరలోనే, నీటి కింద ఒక మిట్టలా ఆగుతుంది. ఆ మిట్ట మీదే తరవాతి పెద్ద అలలు ముందుగా విరిగి, ఒడ్డుకు వచ్చేసరికి బలం తగ్గుతాయి. తుపాను వెళ్ళాక నెలల తరబడి చిన్న అలలు దాన్ని మళ్ళీ పైకి మోసుకొస్తాయి. ఒక్క రాత్రిలో పోయింది తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కానీ వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ ఒడ్డు ఎలా చీలిపోయిందో మీలో చాలామంది చూసే ఉంటారు. అలాంటి గాయాన్ని మాన్పుకునే శక్తి ఇసుక ఒడ్డుకు ఉంటుంది. అందుకు కావలసింది దాని ఇసుక దాని దగ్గర ఉండడం, వెనక్కి జరగడానికి కాస్త చోటు ఉండడం.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆ నీటి కింది మిట్టకు మధ్యలో గండ్లు ఉంటాయి. ఒడ్డుకు వచ్చిన నీరంతా ఆ గండి గుండా వేగంగా లోపలికి వెళుతుంది. "లోపలికి లాగేసింది" అంటారే, అదే. పైకి అక్కడ అలలు తక్కువగా, ప్రశాంతంగా కనిపిస్తుంది, అందుకే పిల్లలు సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈదండి. ఆ లాగుడు వెడల్పు తక్కువ, దాటగానే అలలే మిమ్మల్ని ఒడ్డుకు తెస్తాయి. ఈత రానివాళ్ళు తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఈ ఒక్కటీ ఇంట్లో పిల్లలకు చెప్పండి.

సరే, ఇప్పుడు అసలు ప్రయాణం. అలలు ఒడ్డును నేరుగా తాకవు, కాస్త ఏటవాలుగా వస్తాయి. అల ఇసుకను ఏటవాలుగా పైకి నెడుతుంది, తిరిగి వచ్చే నీరు మాత్రం నేరుగా కిందికి జారుతుంది. మళ్ళీ ఏటవాలుగా పైకి, మళ్ళీ నేరుగా కిందికి. రంపం పళ్ళ మీద నడిచినట్టు రేణువు ఒడ్డు వెంబడి పక్కకు జరుగుతూ పోతుంది. మన కోస్తాలో నైరుతి రుతుపవనాల కాలంలోనూ దాని ముందువెనకలా అలలు దక్షిణం నుంచి వస్తాయి, ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. చలికాలంలో ఈశాన్య గాలులకు దిశ మారి కొంత దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క వేస్తే ఉత్తరానిదే పైచేయి. ప్రతి ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక మన కళ్ళ ముందు నుంచే ఇలా వెళుతోంది. మీరు ఈ పొద్దున నిలబడ్డ ఇసుక వచ్చే ఏడాదికి అక్కడ ఉండదు. దాని చోటికి వేరే ఇసుక వస్తే ఒడ్డు ఉన్నట్టు కనిపిస్తుంది.

మధ్యలో ఒక గోడ కడితే ఏమవుతుంది? మద్రాసును చూడండి. 1876లో అక్కడ ఓడరేవు పనులు మొదలయ్యాయి, సముద్రంలోకి రాతి కట్టలు చాపారు. 1881లో తుపాను వచ్చి కట్టిందాన్ని చాలా పాడుచేస్తే మళ్ళీ కట్టారు. దక్షిణం నుంచి నడిచి వస్తున్న ఇసుక ఆ కట్ట దగ్గర ఆగిపోయింది. కట్టకు దక్షిణాన ఒడ్డు వెడల్పు పెరుగుతూ పోయింది. 1884లో గవర్నర్ గ్రాంట్ డఫ్ అక్కడ విహారానికి దారి వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. మనం మద్రాసు వెళ్ళిన ప్రతిసారీ పల్లీలు తింటూ నడిచే ఆ విశాలమైన ఇసుక మైదానం అలా పుట్టింది. మరి ఉత్తరాన? రాయపురం, తిరువొత్తియూరు వైపు ఇసుక అందక ఒడ్డు కోసుకుపోతూ వచ్చింది. దక్షిణాన ఒక నగరానికి అందం, ఉత్తరాన జాలరుల ఇళ్ళు నీటిపాలు. ఆ కట్టే రెండిటికీ కారణం. మెరీనా ఫోటోలు కోట్ల మంది దగ్గర ఉంటాయి, తిరువొత్తియూరు ఫోటోలు ఎవరి దగ్గరా ఉండవు. నాకు బాధ కలిగించేది అదే.

విశాఖలోనూ ఇదే కథ, కాకపోతే అక్కడ ముందే ఆలోచించారు. 1933లో తెరిచిన ఆ రేవు ముఖద్వారానికి దక్షిణంగా రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డం పెట్టారు. ఆ చాటున ఇసుక పడుతుంది, దాన్ని తవ్వే ఓడతో తీసి ఉత్తరపు ఒడ్డుకు పంపాలి. జమాఖర్చు లెక్కను మనిషి చేత్తో సరిచేయడం అన్నమాట. 1970ల్లో బయటి హార్బరు కట్టాక ఈ పని ఇంకా అవసరమైంది. రామకృష్ణా బీచిలో ఇసుక పడిన ఏడాది ఉంటుంది, పడని ఏడాది కొట్టుకుపోతుంది. ఆ బీచి ఇప్పుడు మందు మీద బతుకుతున్న మనిషి లాంటిది. మందు మానితే రోడ్డు తెగుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇంటికి వెళ్ళి ఫోన్‌లో మ్యాపు తీసి గోదావరి మొగ చూడండి. అక్కడి నుంచి ఉత్తరంగా ఒక సన్నటి ఇసుక చెయ్యి చాచి ఉంటుంది. అదే హోప్ ఐలాండ్. సుమారు 16 కిలోమీటర్ల పొడవు. కొండ లేదు, రాయి లేదు, మొత్తం నది తెచ్చి అలలు నడిపించిన ఇసుకే. రెండు వందల ఏళ్ళ కిందటిదాకా ఈ రూపంలో అది లేదు. జియాలజీలో రెండు వందల ఏళ్ళు అంటే కనురెప్ప పాటు. ఆ చెయ్యి ఉత్తరానికే ఎందుకు చాచింది? ఇసుక ఎటు నడుస్తుందో ఇందాక చెప్పానే, దానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

ఆ చెయ్యి కాకినాడకు కాపు కాసింది. అలలు దాని వీపు మీద విరుగుతాయి, లోపల సముద్రం చెరువులా ఉంటుంది. ఆ చాటునే మడ అడవులు పెరిగాయి, మన రేవు నిలబడింది. తాబేళ్ళు వచ్చి గుడ్లు పెట్టేది కూడా ఆ ఇసుకలోనే. అదే చాటు వల్ల అఖాతంలో మేట కూడా పడుతుంది. కోరంగి ఒకప్పుడు ఎంత పెద్ద రేవో పెద్దవాళ్ళకు తెలుసు. 1789లో, 1839లో వచ్చిన తుపానులు దాన్ని దెబ్బ తీశాయి, మేట దాన్ని లేవనివ్వలేదు.

మరి ఉప్పాడ? ఉప్పాడ ఆ చేతి వేళ్ళకు అవతల ఉంది. కాపు అందదు. దక్షిణం నుంచి రావలసిన ఇసుకలో పెద్ద భాగం ఆ చేతిని పొడిగించడానికీ, అఖాతంలో మేట వేయడానికీ ఖర్చైపోతుంది. చేతి కొసను చుట్టి వచ్చే అలలు వంగి ఆ ఒడ్డు మీద పడతాయి. అవి అక్కడి ఇసుకను ఉత్తరానికి తీసుకుపోవడం మాత్రం ఆపవు. జమ తగ్గింది, ఖర్చు అలాగే ఉంది. కాకినాడకు వరమైన ఇసుకే ఉప్పాడకు అందకుండా పోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఇక్కడి వరకూ.

ఇక్కడి వరకూ అని ఎందుకన్నానంటే, గోదావరి తెచ్చే మట్టీ ఇసుకా కూడా తగ్గాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కలు తీశారు. 1970ల్లో నీటిలో కలిసి కిందికి వచ్చే వండ్రు ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు. 1990ల్లో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో సగానికి పైగా పోయింది! వానలు అంతగా తగ్గలేదు. పైన ఆనకట్టల వెనక జలాశయాల్లో ఆగిపోయింది. నేను ఆనకట్టలకు వ్యతిరేకిని కాదు. నీళ్ళు లేకపోతే ఈ సభలో సగం మందిమి చదువుకునేవాళ్ళం కాదు. కానీ కట్టేటప్పుడు ఎన్ని ఎకరాలు తడుస్తాయో లెక్క రాశారు, ఎంత ఇసుక ఆగుతుందో ఆ పక్కన ఎవరూ రాయలేదు. ఆ రాయని ఖర్చు ఉప్పాడలో చేనేత మగ్గాలు ఉన్న ఇళ్ళూ, జాలరిపేటలూ కడుతున్నాయి.

ఇప్పుడు నల్ల సీసా దగ్గరికి వస్తాను. ఎవరి చేతిలో ఉంది? పైకెత్తమ్మా. మంచిది. పలుగు నీటికన్నా 2.65 రెట్లు బరువు. ఆ నల్లటిది ఇల్మనైటు, 4.7 రెట్లు. మధ్యలో ఎర్రగా మెరిసేవి గార్నెట్లు, నాలుగు రెట్లకు పైనే. ఇవన్నీ తూర్పు కనుమల రాళ్ళలోవే. పెద్ద అల వచ్చి ఇసుకను ఊడ్చినప్పుడు తేలికైన పలుగు ముందు పోతుంది, బరువైనవి వెనకబడతాయి. చేటలో బియ్యం చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజ ఆగదూ? సముద్రం ఒడ్డును చెరుగుతుంది. తుపాను మర్నాడు ఒడ్డున నల్లటి చారలు కనిపిస్తే, అక్కడి నుంచి ఎంతో తెల్ల ఇసుక వెళ్ళిపోయిందని అర్థం.

బంగారం 19 రెట్లు. 2020 నవంబరులో నివర్ తుపాను తరవాత ఉప్పాడ ఒడ్డున జనం దువ్వెనలతో, చేతులతో ఇసుక గాలించడం టీవీల్లో వచ్చింది. సన్నటి బంగారు నలుసులు దొరికాయి. ఏ తుపాను వచ్చినా అక్కడ ఆడవాళ్ళూ పిల్లలూ ఆ పని చేస్తారు. సముద్రం బంగారం ఇచ్చింది అని వార్తల్లో చెప్పారు. ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పేది వేరు. అది కూలిపోయిన ఇళ్ళదీ గుళ్ళదీ అంటారు. సైన్సు ప్రకారం ఆ మాట చక్కగా కుదురుతుంది. ఇల్లు కూలితే కర్ర తేలిపోతుంది, సున్నం కరుగుతుంది, మట్టి కొట్టుకుపోతుంది. అన్నిటికన్నా బరువైనది ఇసుక అడుగున ఉండిపోతుంది. పెద్ద అల మళ్ళీ అంత లోతుకు చెరిగిన రోజున బయటపడుతుంది. ఎవరి ముక్కుపుడకో, ఎవరి తాళిబొట్టు గుండో. మా అమ్మమ్మ బావి గట్టున పారేసుకున్నవి కూడా అందులో ఉన్నాయేమో.

(సభలో నుంచి ఒక మత్స్యకారుడు అడిగారు: "రాళ్ళు వేస్తే ఆగుద్దా మాస్టారూ? ఏళ్ళ నుంచీ ఏస్తానే ఉన్నారు.")

మంచి ప్రశ్న అడిగావు బాబాయ్. నేరుగానే చెబుతాను. రాళ్ళు వెనకున్న ఇంటిని కొన్నాళ్ళు కాపాడతాయి. ముందున్న బీచిని కాపాడవు. ఇసుక ఒడ్డు మీద అల పాకి అలిసిపోతుంది. గోడకు కొడితే అలవదు, తిరిగి కొడుతుంది, గోడ కాళ్ళ దగ్గరి ఇసుకనే తవ్వుతుంది. తవ్వగా తవ్వగా రాళ్ళు కూరుకుపోతాయి. ఉప్పాడలో ఇసుక నింపిన పెద్ద గొట్టం సంచులు, జియోట్యూబులు కూడా పేర్చారు. అవి ఎలా చిరిగి జారిపోయాయో నాకన్నా నీకే బాగా తెలుసు. పైగా గోడ ఆగిన చోట, ఆ కొస పక్కన, కోత ఇంకా ఎక్కువవుతుంది. ఒక పేటను కాపాడితే పక్క పేటకు వెళుతుంది. ఇవాళ రాత్రికి ఇల్లు పడిపోతున్నవాడికి రాయి వెయ్యొద్దు అని చెప్పే హక్కు నాకు లేదు. వెయ్యాలి. కానీ అది కట్టు మాత్రమే. అసలు వైద్యం ఇసుక అందించడం. ఎక్కడ మేట పడి అడ్డంగా ఉందో అక్కడ తవ్వి, కోత పడే చోట పోయాలి, ఏటేటా. రేవుల్లో తవ్విన ఇసుక పనికొచ్చేదైతే నడిసముద్రంలో పారబోయకూడదు. ఖర్చవుతుంది. రాళ్ళకు అయ్యే ఖర్చు పక్కన పెట్టి చూడమంటున్నాను.

ఇంకొకటి, ఇది చవకైనది. ఒడ్డు వెనక ఉండే ఇసుక దిబ్బల్ని చదును చేయకండి. తుపాను రోజున ఒడ్డు అప్పు తెచ్చుకునేది ఆ దిబ్బ దగ్గరే. దాన్ని పట్టి ఉంచేది నేల మీద పాకే ఊదారంగు పూల బాలబందు తీగ, ముళ్ళ గడ్డి, అదే రావణాసురుడి మీసాలు అంటామే. పిచ్చి మొక్కలని పీకేసి టైల్స్ వేసి బెంచీలు పెడుతున్నారు. ఆ పని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

(ఒక విద్యార్థిని: "సముద్రమట్టం పెరగడం వల్ల కాదా సార్?")

అది కూడా. 1900 నుంచి ప్రపంచమంతటా సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇప్పుడు వేగం పెరుగుతోంది. చదునైన డెల్టాలో ఒక్క జానెడు పెరిగినా నీరు చాలా దూరం లోపలికి వస్తుంది. సముద్రం ఇంతకు ముందు ఇంకా పెద్ద ప్రయాణాలు చేసింది. ఇరవై వేల ఏళ్ళ కిందట అది ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయే, అలా బయటపడిన సముద్రపు ఇసుకను గాలి తెచ్చి పోసినవని చాలామంది శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ తరవాత మంచు కరిగి, సుమారు ఆరేడు వేల ఏళ్ళ కిందట సముద్రం కొల్లేరు దాకా ఉండేది. అక్కడి నుంచి దాన్ని వెనక్కి నెట్టి ఈ కోనసీమను కట్టింది గోదావరి తెచ్చిన మట్టే. అంటే అంత సముద్రాన్ని ఆపగలిగింది జమ బాగా ఉన్న నది. ఇప్పుడు సముద్రమూ పెరుగుతోంది, జమా తగ్గుతోంది. రెండూ ఒకేసారి. నా భయం అక్కడే.

పుస్తకాల్లో లెక్కల గురించి ఒక చిన్న మాట. మన తీరం 974 కిలోమీటర్లని అందరం బట్టీ పట్టాం. ఈమధ్య కేంద్రం మళ్ళీ కొలిచి 1,053 కిలోమీటర్లు అంది. ఒడ్డు పెరగలేదు. పెద్ద మ్యాపు మీద సన్నటి వంపులు కూడా కొలిచారు, అంతే. మరో లెక్క మాత్రం గుర్తుపెట్టుకోండి: 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు చూస్తే దేశం మొత్తం తీరంలో మూడో వంతు కోతకు గురవుతోంది.

ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. కింద నిలబడి కొలిచేవాళ్ళు కూడా కావాలి. దానికి రెండు కర్రలు, ఒక తాడు చాలు. ఐదడుగుల కర్రలు రెండు తీసుకుని అంగుళాల గీతలు గీయండి. మధ్యలో ఐదడుగుల తాడు కట్టండి. దిబ్బ దగ్గర ఒకరు, సముద్రం వైపు ఒకరు నిలబెట్టి పట్టుకోవాలి. వెనక ఉన్నవాళ్ళు ముందు కర్ర కొసనూ, దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతనూ ఒకే వరసలోకి తెచ్చి చూడాలి. ఆ చూపు తమ కర్రను పైనుంచి ఎన్నో అంగుళం దగ్గర దాటిందో రాసుకుంటే, ఐదడుగుల్లో ఇసుక ఎంత దిగిందో తెలుస్తుంది. అలా ఐదేసి అడుగులు జరుగుతూ నీటి దాకా. నెల నెలా ఒకే చోట చేస్తే ఏడాదికి ఆ ఒడ్డు జమాఖర్చు మీ నోటుబుక్కులో ఉంటుంది.

కర్రలు నేను చేయించాను, ఆరు జతలు. వచ్చే అమావాస్య నాడు పాటు బాగా తీస్తుంది, అంటే నీరు బాగా వెనక్కి తగ్గుతుంది. పాటు తీసే వేళకు ఉప్పాడ ఒడ్డున ఉంటాను. బాబాయ్, నువ్వు కూడా రావాలి, పాత ఒడ్డు ఎక్కడుండేదో మొదటి గుర్తు నువ్వే చూపించాలి. చెప్పులు లేకుండా రండి. నోటుబుక్కు తడవకుండా ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చుకోండి.